చెవి రహస్యమును వివరించిన రెండు గ్రంథములు

శాస్త్ర గ్రంథమునకు విలువ కట్టుట కావ్యమునకు విలువ కట్టుటవంటిది కాదు. కావ్యము పాతబడదు, శాస్త్ర గ్రంథము పాతబడును. అందలి సిద్ధాంతము సరికాదని తరువాతివారు తేల్చినను, ఆ గ్రంథము గొప్పది కావచ్చును. అందలి ప్రయోగములన్నియు నిజమైనవే అయినను, ఆ గ్రంథము పాఠకుని కొంతకాలము పెడదారి పట్టింపవచ్చును. ఈ రెండు మాటలకును మానవుని శ్రవణేంద్రియమును గూర్చిన రెండు మహాగ్రంథములు చక్కని ఉదాహరణములు. మొదటిది జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన స్వరసంవేదనల గ్రంథము. రెండవది హంగరీలో పుట్టిన గియోర్గ్ ఫాన్ బెకెషీ పరిశోధన వ్యాసముల సంపుటి. 1960లో అమెరికాలో ఇంగ్లీషున వెలువడిన ఈ సంపుటి పేరునకు ‘శ్రవణ ప్రయోగములు’ అని అర్థము.

ఈ రెండింటికి నడుమ దాదాపు నూరేండ్ల ఎడము కలదు. అయినను ఇవి ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే. చెవిని గూర్చి పాఠశాలలలో నేటికిని చెప్పుచున్న పాఠము చాలవరకు ఈ రెండు గ్రంథముల నుండి దిగివచ్చినదే. కనుక వీనిలో నిలిచినదేది, నిలువనిదేది అని విచారించుట విద్యార్థికిని, ఉపాధ్యాయునికిని అవసరము.

ప్రశ్న ఏమి?

ఒక సంగీత సభను ఊహింపుడు. గాత్రము, వయొలిను, మృదంగము, తంబుర ఒకేసారి మ్రోగుచున్నవి. గాలిలో వాని కంపనములన్నియు కలిసిపోయి, ఒకే ఒత్తిడి మార్పుగా చెవి రంధ్రములో ప్రవేశించును. కర్ణభేరి ఒక్కటే. ఒక క్షణమున అది ఒక్క స్థానముననే ఉండగలదు. అయినను శ్రోత ఆ నాలుగింటిని వేరువేరుగా గుర్తించును. అందులో ఒకటి శ్రుతి తప్పినచో వెంటనే కనిపెట్టును. కలిసిపోయినదానిని చెవి మరల ఎట్లు విడదీయుచున్నది? ఇదియే ప్రశ్న.

ఈ విడదీయుట కర్ణభేరి వద్ద జరుగుట లేదు. ‘భేరి’ అను పేరు కొంత భ్రమ కలిగించును. నిజమైన భేరికి తనదైన నాదమొకటి ఉండును. ఎట్లు కొట్టినను అది ప్రధానముగా ఆ నాదమునే ఇచ్చును. కర్ణభేరికి అట్టి ప్రబలమైన సొంత నాదము ఉన్నచో వెలుపలి ధ్వనులన్నియు ఆ రంగు పులుముకొనును. కనుక అది ఏ ధ్వనికైనను చాలవరకు ఒకే తీరున కదలవలెను. దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అను ఆకారములు గల మూడు చిన్న ఎముకలు గొలుసుగా కూర్చబడి ఉన్నవి. ఇవి చేయు పని ముఖ్యమైనది. లోపలి చెవి ద్రవముతో నిండి ఉన్నది. గాలిలోని ధ్వని నేరుగా నీటిని తాకినచో వేయి పాళ్లలో దాదాపు 999 పాళ్లు తిరిగి గాలిలోనికే పోవును. చెరువులో మునిగినవానికి గట్టుమీది మాటలు సరిగా వినబడకపోవుట ఇందువలననే. ఈ నష్టమును మధ్య చెవి చాలవరకు తీర్చును. కర్ణభేరిలో కదలు భాగపు వైశాల్యము సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె పాదపు వైశాల్యము సుమారు 3.2 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద తలము మీది బలము చిన్న తలము మీదికి చేరుటవలన ఒత్తిడి 17 రెట్లగును. ఎముకల తులాదండ లాభము 1.3 రెట్లు. రెండును కలిసి ఒత్తిడి సుమారు 22 రెట్లు పెరుగును.

అంకవన్నె పాదము కదలినపుడు లోపలి చెవిలోని కర్ణావర్తపు ద్రవము కదలును. కర్ణావర్తము నత్తగుల్లవలె రెండు చుట్లకు పైగా చుట్టుకొన్న నాళము. దానిని సాగదీసినచో నిడివి 35 మిల్లీమీటర్లు మాత్రమే. దాని పొడుగునను ఆధారత్వచము అను పొర కలదు. ఆ పొరపైని, 1851లో అల్ఫోన్సో కోర్టి వర్ణించిన అంగములో, రోమకణములు బారులు తీరి ఉండును. లోపలి వరుస ఒకటి. అందు సుమారు 3,500 కణములు. వెలుపలి వరుసలు మూడు. అందు సుమారు 12,000 కణములు. విడదీయుట జరుగుచున్నది ఇచ్చటనే. ఇంతవరకు వివాదము లేదు. ఎట్లు జరుగుచున్నది అనుచోటనే గ్రంథకర్తలు వేరువేరు త్రోవలు పట్టిరి.

హెల్మ్‌హోల్ట్జ్ తంత్రులు

ఒక గదిలో ఒకే శ్రుతిలో రెండు వీణలను ఉంచి, ఒకదాని తంత్రిని మీటినచో రెండవదాని తంత్రియు తానుగా కదలును. దానిపై చిన్న కాగితపు ముక్కను ఉంచినచో అది క్రింద పడును. దీనిని అనునాదము అందురు. కర్ణావర్తములో ఇట్టి తంత్రులు వేలకొలది ఉన్నవని, ప్రతి తంత్రియు తన స్వరమునకు మాత్రమే కదలి తనకు చెందిన నాడిని మేల్కొలుపునని హెల్మ్‌హోల్ట్జ్ చెప్పెను. చెవి లోపల ఒక సూక్ష్మమైన పియానో ఉన్నదన్నమాట.

ఈ గ్రంథమునందలి నిష్కాపట్యము మెచ్చదగినది. మొదట ఆయన కోర్టి అంగములోని కడ్డీలవంటి నిర్మాణములే ఆ తంత్రులని భావించెను. పక్షులకు అట్టి కడ్డీలు లేవని తేలెను. పక్షులు స్వరములను గుర్తింపలేవని ఎవ్వరును అనజాలరు గదా! అప్పటికే విక్టర్ హెన్సెన్ ఆధారత్వచపు వెడల్పు మొదటి నుండి చివరకు పెరుగుచున్నదని కొలిచి చూపియుండెను. అంతట హెల్మ్‌హోల్ట్జ్ తన గ్రంథపు తరువాతి కూర్పులో కడ్డీలను విడిచి, ఆధారత్వచములోని అడ్డపోగులే తంత్రులని సవరించుకొనెను.

ఈ గ్రంథపు ప్రభావము భారతదేశమునకును చేరినది. విశాఖపట్టణములోని ఏ.వి.ఎన్. కళాశాలలో చదివిన సి.వి. రామన్ తన మనస్సును తీర్చిదిద్దిన పుస్తకములలో దీనిని ఒకటిగా పేర్కొనెను. మృదంగముపై పూసిన కరణి వలన దాని అతిస్వరములు మూలస్వరమునకు సరియైన గుణిజములుగా అమరునని ఆయన సహచరునితో కలిసి 1920లో చూపిన పరిశోధన, హెల్మ్‌హోల్ట్జ్ వేసిన బాటలోనిదే. ఒకే స్వరమును వీణ పలికినను, వేణువు పలికినను భేదము తెలియుటకు అతిస్వరముల పాళ్లే ముఖ్య కారణమని వివరించిన భాగము నేటికిని చదువదగినది.

అయితే సిద్ధాంతమునందు మూడు చిక్కులు కలవు. ఒకటి: ఆధారత్వచపు పోగులు వీణ తంత్రులవలె విడివిడిగా లేవు, అది ఏకముగా ఉన్న పొర. ఒకచోట కదలినచో ప్రక్కచోటు కదలకుండ ఉండజాలదు. రెండు: తంత్రికి బిగువు కావలెను. తరువాత బెకెషీ ఆ పొరను సన్నగా కోసి చూడగా, బిగువుగా లాగిన పొరవలె కోత అంచులు విడిపోలేదు. మూడవది అన్నిటికంటె గట్టిది. తంత్రి తన స్వరమునకు మాత్రమే పలుకవలెనన్నచో అది ఎక్కువసేపు మ్రోగుచుండవలెను. వెంటనే ఆగిపోవలెనన్నచో ప్రక్క స్వరములకును పలుకక తప్పదు. చెవి ఈ రెండును కోరుచున్నది. వేగముగా వచ్చు గమకములోని స్వరములు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగము కారాదు. అదే సమయమున సన్నని శ్రుతిభేదమును తెలియవలెను. హెల్మ్‌హోల్ట్జ్‌కు ఈ చిక్కు తెలియును. త్వరితముగా మారు స్వరముల జంటలను విని, చెవిలోని కంపనము ఎంత త్వరగా ఆగునో ఆయన లెక్కకట్టెను కూడ. కాని చిక్కు విడలేదు.

1886లో విలియం రూథర్‌ఫర్డ్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పెను. చెవి దేనిని విడదీయదు; టెలిఫోనువలె మొత్తము కంపనమును నాడి ద్వారా మెదడునకు పంపును; విడదీయుట మెదడు పని అని ఆయన వాదము. టెలిఫోను పుట్టి అప్పటికి పదేండ్లు. అంతకుముందు పియానో, ఇప్పుడు టెలిఫోను. ఏ కాలమున ఏ యంత్రము అబ్బురమో, చెవి ఆ యంత్రముగా కనబడుట గమనింపదగినది. ఒక నాడీతంతువు సెకండుకు వేయికి మించి స్పందనలను పంపజాలదు. చెవి వినునది 20 మొదలు 20,000 కంపనముల వరకు. కనుక ఈ వాదము తక్కువ స్థాయి స్వరములకు కొంత వర్తించినను, పై స్థాయిలో నిలువదు.

బెకెషీ చూచినది

అంతవరకు అందరును చెవిని గూర్చి ఊహించినవారే. కర్ణావర్తములో ఏమి జరుగుచున్నదో కంటితో చూచినవారు లేరు. ఆ పని బెకెషీ చేసెను. ఆయన వైద్యుడు కాడు, భౌతిక శాస్త్రజ్ఞుడు. బుడాపెస్టులో హంగరీ తపాలాశాఖవారి పరిశోధనశాలలో టెలిఫోను పరికరములపై పనిచేయుచు, ఆ పరికరముల చివర వినునది చెవి గనుక చెవినే పరిశీలించుటకు పూనుకొనెను. 1928 నుండి ఈ విషయమున ఆయన వ్యాసములు వెలువడెను.

ఆయన పద్ధతి చదువుచుండగా ఆశ్చర్యము కలుగును. మరణించినవారి కణతి ఎముకలను తెచ్చి, నీటిలో ముంచి, సూక్ష్మదర్శిని క్రింద సన్నని పనిముట్లతో తొలిచి, కర్ణావర్తమును తెరచెను. లోపలి పారదర్శకమైన పొరపై వెండి రేణువులను చల్లెను. ధ్వనికి అవి కదలునపుడు కంటికి అందవు. కనుక ధ్వనితో జతకలిపి మెరయు దీపపు వెలుగులో చూచెను. అప్పుడు కదలిక నెమ్మదించినట్లు కనబడును. ఆయనకు కనబడినది తంత్రుల కదలిక కాదు, ఒక అల. అది అంకవన్నె దాపున పుట్టి, పొర వెంట ముందునకు సాగి, క్రమముగా పెరిగి, ఒకచోట ఉచ్చస్థితికి వచ్చి, అటుపై త్వరగా అణగిపోయెను. పొర మొదటి భాగము గట్టిది, చివరి భాగము సడలినది. ఈ గట్టితనములో నూరు రెట్ల వరకు భేదమున్నది. అందువలన హెచ్చు స్థాయి స్వరపు అల మొదటనే ఉచ్చస్థితిని పొందును. తగ్గు స్థాయి స్వరపు అల చివరివరకు పోవును. ప్రతి స్వరమునకును ఒక చోటున్నదన్న హెల్మ్‌హోల్ట్జ్ మాట నిలిచినది. తంత్రులన్న మాట పోయినది. ఈ పరిశోధనలకు బెకెషీకి 1961లో నోబెల్ బహుమానము లభించెను.

గ్రంథపు లోపము

‘శ్రవణ ప్రయోగములు’ మొదటి అధ్యాయములో బెకెషీ ఒక చమత్కారమైన సలహా చెప్పెను. ప్రయోగములలోని తప్పులను కనిపెట్టుటకు మంచి మిత్రుడు ఉపకరించును. అంతకంటె మంచి శత్రువు ఉపకరించును, ఏలయన వాడు జీతము లేకయే ఎంత శ్రమకైనను ఓర్చును, అని దాని సారాంశము. అదే న్యాయమున ఆయన గ్రంథమును ఒక మంచి శత్రువు కన్నుతో చూచినచో మూడు విషయములు తోచును.

మొదటిది, ఆయన చూచినది చాలవరకు మృతుల చెవిని. రెండవది, ఆ సూక్ష్మదర్శినికి కదలిక ఆనవలెనన్నచో ధ్వని మిక్కిలి పెద్దదిగా ఉండవలెను. ప్రాణమున్న చెవికి నొప్పి కలిగించునంత పెద్ద ధ్వనులను వాడవలసి వచ్చెను. చిన్న ధ్వనులకును కదలిక అదే పాళ్లలో తగ్గునని లెక్కకట్టిరి. మూడవది, ఆయనకు కనబడిన అల శిఖరము మిక్కిలి వెడల్పైనది. ప్రక్కప్రక్క స్వరముల శిఖరములు ఒకదానిపై ఒకటి పడును. కాని అలవాటుపడిన చెవి సెకండుకు 1000 కంపనముల స్వరమునకును, 1003 కంపనముల స్వరమునకును భేదము పట్టగలదు. ఇంత మొద్దు శిఖరము నుండి అంత వాడియైన వినికిడి ఎట్లు వచ్చును? బెకెషీ దీనిని గుర్తింపకపోలేదు. నాడీమండలమే ప్రక్క స్పందనలను అణచి శిఖరమునకు పదును పెట్టునని ఆయన భావించెను. ముంజేతి చర్మముపై కంపనములు కలిగించి, స్పర్శలో ఇట్టి అణచివేత ఉన్నట్లు చూపెను. ఆ ప్రయోగములు నిజమే. కాని చెవి విషయమున సమాధానము అచ్చట లేదు.

సరియైన సూచన అప్పటికే అచ్చయి ఉన్నది. యుద్ధకాలమున రాడారుపై పనిచేసిన థామస్ గోల్డ్ 1948లో ఒక తర్కము చూపెను. ద్రవములో మునిగిన పొర కదలిక రాపిడివలన వెంటనే అణగిపోవలెను. అట్లు అణగకుండ పదునుగా ఉన్నదనిన, చెవి తన సొంత శక్తిని ఆ కదలికకు జతచేయుచుండవలెను. రేడియో గ్రాహకములో వెలువడిన శక్తిలో కొంత తిరిగి లోనికి పంపి బలహీనమైన సంకేతమును పెంచునట్లే, చెవియు చేయుచున్నదని ఆయన ఊహ. అట్లయినచో చెవి అప్పుడప్పుడు తానే ధ్వని చేయవలెను! ఈ మాటను ముప్పది ఏండ్లపాటు ఎక్కువమంది పట్టించుకొనలేదు. కంటితో చూచిన అలకున్న గౌరవము తర్కమునకు దక్కలేదు.

జీవమున్న చెవి

1971లో విలియం రోడ్ కోతులపై చేసిన ప్రయోగములలో, బ్రతికియున్న చెవిలో చిన్న ధ్వనులకు పొర కదలిక, పెద్ద ధ్వనుల లెక్కనుబట్టి రావలసినదానికంటె ఎక్కువగా ఉన్నట్లు తేలెను. జంతువు మరణించిన పిమ్మట ఈ గుణము మాయమయ్యెను. 1978లో లండనులో డేవిడ్ కెంప్ చెవి రంధ్రములో సున్నితమైన మైక్రోఫోనును అమర్చి, ‘టిక్’ అను చిన్న శబ్దమును పంపెను. సెకండులో కొన్ని సహస్రాంశములు గడచిన పిమ్మట చెవిలో నుండి సన్నని ధ్వని తిరిగి వచ్చెను. గోల్డ్ ఊహ నిజమయ్యెను.

ఆ శక్తి ఎచ్చటిది? 1985లో విలియం బ్రౌనెల్, ఆయన సహచరులు గినీపంది చెవి నుండి వేరుచేసిన వెలుపలి రోమకణమునకు విద్యుత్తును ఇచ్చిరి. కణము పొట్టిగాను, పొడుగుగాను మారెను. 2000లో ఈ కదలికకు మూలమైన ప్రోటీను తెలియవచ్చెను; దానికి ప్రెస్టిన్ అని పేరు పెట్టిరి. ఈ ప్రోటీను లేని ఎలుకల వినికిడి 40 నుండి 60 డెసిబెల్‌ల వరకు తగ్గినట్లు 2002లో కనుగొనిరి. అనగా ధ్వని ఒత్తిడి 100 నుండి 1000 రెట్లు పెరిగినగాని అవి వినజాలవు.

ఇప్పుడు రెండు తెగల రోమకణముల పని తేటపడినది. శ్రవణనాడిలో మెదడునకు వార్త కొనిపోవు తంతువులలో నూటికి 90కి పైగా లోపలి వరుస కణములకు చెందినవే. వినుట వాని పని. సంఖ్యలో మూడింతలకు మించియున్న వెలుపలి కణములు అలను పెంచి, పదును పెట్టు పనివారు. మృతుని చెవిలో ఆ పనివారు లేరు. అందుచేతనే బెకెషీకి మొద్దు శిఖరము కనబడెను.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు

చెవి పాఠము కర్ణభేరితో ఆరంభమై, మూడు ఎముకలు దాటి, కర్ణావర్తముతో ముగిసి, వచ్చిన ధ్వనిని ఉన్నదున్నట్లు మెదడునకు చేర్చు గొట్టముగా చెవిని చూపుచున్నంతకాలము, చెవుడనగా ఆ గొట్టము పూడిపోవుట అని జనులు తలంతురు. గుమిలి తీసినచో, మందుచుక్కలు వేసినచో సరిపోవునని ఎదురుచూతురు. నిజమునకు వయస్సువలనను, యంత్రముల రొదవలనను ముందుగా దెబ్బతినునవి సాధారణముగా వెలుపలి రోమకణములు. మనుష్యులలో అవి ఒకమారు నశించినచో మరల పుట్టవు. కోడి మొదలగు పక్షులకు మాత్రము ఆ భాగ్యము కలదు.

ఇంటిలో పెద్దవారు “మాట వినబడుచున్నది గాని ఏమన్నదీ తెలియుట లేదు” అని తరచు అనుచుందురు. ఇంటివారు మరింత బిగ్గరగా అరతురు; పెద్దవారు “ఎందుకట్లు అరచెదవు?” అని కసరుకొందురు. ఇందులో చాదస్తమేమియు లేదు. వెలుపలి కణములు పోయినపుడు సన్నని ధ్వని పెరుగదు, పెద్ద ధ్వని మాత్రము పెద్దదిగానే తోచును, పోయిన పదును బిగ్గరతనమువలన తిరిగి రాదు. దగ్గరకు వచ్చి, ఎదుట నిలిచి, నెమ్మదిగా మాటలాడుట మేలు.

గోల్డ్ ఊహించి, కెంప్ విన్న ఆ సన్నని ధ్వని నేడు పసిబిడ్డల పరీక్షకు ఉపయోగపడుచున్నది. పుట్టిన శిశువు తనకు వినబడుచున్నదో లేదో చెప్పలేదు. నిద్రించుచున్న బిడ్డ చెవిలో చిన్న శబ్దము పంపి, తిరుగు ధ్వని కొరకు చూతురు. అది రానిచో మరల పరీక్షింతురు. మాట నేర్చు వయస్సు గడచిపోకముందే లోపము తెలియుట ఆ బిడ్డకు జీవితకాలపు లాభము. పూర్తిగా చెవుడున్నవారి కర్ణావర్తములో అమర్చు యంత్రము మరల హెల్మ్‌హోల్ట్జ్‌కు, బెకెషీకి ఋణపడినది: హెచ్చు స్థాయి స్వరములకు మొదటనున్న విద్యుత్కొనలు, తగ్గు స్థాయి స్వరములకు లోపలనున్నవి నాడిని తాకును. ప్రతి స్వరమునకును ఒక చోటు కలదను సూత్రము లేనిచో ఆ యంత్రమే లేదు.

రొద విషయము వేరుగ చెప్పనక్కరలేదు. వారమునకు 40 గంటలు 80 డెసిబెల్‌లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఇండ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితిగా భారతదేశమున 2000లో నియమములు వచ్చినవి. చెవి వట్టి గొట్టమైనచో ఈ అంకెలు సౌకర్యమునకు మాత్రమే. పదిహేను వేల సుకుమార కణముల కూర్పు అని తెలిసినవానికి ఇవి హెచ్చరికలు.

తీర్పు

హెల్మ్‌హోల్ట్జ్ గ్రంథపు సిద్ధాంతము పోయినది. అది లేవనెత్తిన ప్రశ్న, అది చూపిన సూత్రము నిలిచినవి. బెకెషీ గ్రంథములోని పరిశీలనలు నిలిచినవి; వానినుండి జీవమున్న చెవిని గూర్చి తీసిన నిర్ణయము పోయినది. 1972లో మరణించిన బెకెషీ, చెవి ధ్వని చేయుటను గూర్చిన వార్త వినలేకపోయెను. విని ఉన్నచో, తాను కోరిన మంచి శత్రువు దొరికెనని సంతోషించి ఉండునేమో.

ఈ గ్రంథములను చదువువారు రెండింటిని కలిపి చదువవలెను. పాఠము చెప్పు ఉపాధ్యాయుడు మూడు ఎముకల పేర్లు, కర్ణావర్తపు చుట్లు చెప్పిన పిమ్మట మరొక్క వాక్యము చేర్చిన చాలును: చెవి వచ్చిన ధ్వనిని ఊరక పుచ్చుకొనుట లేదు, దానికి తన బలమును చేర్చి పెంచుచున్నది, ఆ బలమునిచ్చు కణములు పోయినచో తిరిగి రావు. ఈ వాక్యము విన్న విద్యార్థి ఊరేగింపులో స్పీకరు పెట్టె ముందు నిలుచునపుడు రెండడుగులు వెనుకకు వేయును.